పోలీసు సంస్కరణ: ఉద్యోగ సంఘాలు ఎందుకు మాట్లాడవలె?



ఫెడరేషన్ తీర్మానాలలో జీతభత్యాలు, పింఛను, ఖాళీల భర్తీతోబాటు పోలీసు సంస్కరణను కూడా చేర్చవలెనని మేము ప్రతిపాదించినప్పుడు పలు శాఖల నుండి ఒకే ప్రశ్న వచ్చినది: “మన మీద లాఠీ ఎత్తినవారి గోడు మనకెందుకు?” ఆ ప్రశ్న న్యాయమైనదే. 1968 సెప్టెంబరు 19 నాటి ఒకరోజు సమ్మెలో పఠాన్‌కోట్‌లో జరిగిన కాల్పులను, 1974 మే నెల రైల్వే సమ్మెలో కుటుంబాలను క్వార్టర్ల నుండి వీధిలోకి నెట్టిన ఘటనలను ఈ ఉద్యమం మరచిపోలేదు. మేము ఆ సమ్మెలలో ఉన్నవారము కాము. కాని వాటిలో జైలుకు వెళ్లినవారి వద్దనే సంఘం పని నేర్చుకున్నాము. ఆ ఋణం ఉన్నది కనుకనే ఈ విషయం వ్రాయవలసివచ్చినది.

ముందుగా ఈ పోలీసు వ్యవస్థ ఎవరి కోసం పుట్టినదో గుర్తుచేసుకొనవలె. శిస్తు వసూలు పేరిట రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణలపై మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక కమిషన్ విచారణ జరిపి 1855లో నివేదిక సమర్పించినది. నాటి తెలుగు జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనివే. ఆ తరువాత వచ్చినదే 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం. దేశమంతటా పేరుపడిన 1861 చట్టం కంటె ఇది రెండేళ్లు పెద్దది. తెలంగాణ ప్రాంతానికి 1329 ఫసలీ నాటి నిజాం చట్టం వారసత్వంగా దక్కినది. హింసను అరికట్టుటకని మొదలైన ఏర్పాటు చివరకు పాలకుల చేతి కర్రగా స్థిరపడినది. 1902–03లో ఫ్రేజర్ కమిషన్, అదియు తెల్లదొరల ప్రభుత్వం వేసినదే, పోలీసుల అవినీతిని, దౌర్జన్యాన్ని దాచకుండా వ్రాసినది.

స్వాతంత్ర్యం వచ్చిన ముప్పై ఏళ్లకు, 1977 నవంబరులో, ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ ఏర్పడినది. 1979–81 మధ్య ఎనిమిది నివేదికలిచ్చినది. జరుగుతున్న అరెస్టులలో సుమారు 60 శాతం అనవసరమైనవో, అన్యాయమైనవో అయి ఉన్నవని ఆ కమిషన్ తేల్చినది. ఆర్డర్లీ పద్ధతిని రద్దు చేయవలెననియు చెప్పినది. ఆ నివేదికలు బీరువాలకెక్కినవి. పదవీ విరమణ చేసిన పోలీసు అధికారులే 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లవలసివచ్చినది. ప్రకాశ్ సింగ్ కేసుగా పేరుపొందిన ఆ వ్యాజ్యంలో 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశాలు వెలువడినవి: రాష్ట్ర భద్రతా కమిషన్, కీలక అధికారులకు రెండేళ్ల కనీస పదవీకాలం, శాంతిభద్రతల నుండి దర్యాప్తును వేరుచేయుట, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు మొదలైనవి. అనేక రాష్ట్రాలు కమిటీలను కాగితం మీద నిలిపి, లేదా వాటి అధికారాలను హరించు చట్టాలు చేసి, చేతులు దులుపుకున్నవి. ఏ పార్టీ పాలించినను ఈ ఒక్క విషయంలో తేడా కనిపించదు.

ఆ ఆదేశాలు పైవారి నియామకాల గురించి, బదిలీల గురించి ఎక్కువగా మాట్లాడినవి. స్టేషనులో రాత్రింబవళ్లు నిలబడే కానిస్టేబుల్ పని పరిస్థితి వాటిలో దాదాపు కనిపించదు. మా దృష్టిలో అసలు లోపం అక్కడ ఉన్నది.

కొన్నేళ్ల క్రితం ఒక జిల్లా కేంద్రంలో మన ధర్నా సందర్భంగా మమ్ములను వ్యానులలోకెక్కించి ఒక ఫంక్షన్ హాలులో సాయంత్రం వరకు ఉంచినారు. ఉదయం మన సభ్యుని చొక్కా పట్టి లాగిన కానిస్టేబులే మధ్యాహ్నం తలుపు వద్ద కాపలా ఉన్నాడు. ముందు రోజు తెల్లవారుజామున బందోబస్తుకు వచ్చిన మనిషి, ఇంటికి వెళ్లలేదు. మంచినీళ్లిచ్చినప్పుడు తాగి, “మీకు అడిగేవాళ్లున్నారు సార్. మా పాపకు జ్వరమొచ్చి నాలుగు రోజులైంది. సెలవడిగితే మెమో ఇస్తామంటున్నారు” అన్నాడు. చొక్కా చిరిగిన సభ్యుడు ఆ మాటకు కరగలేదు. కరగవలెనని మేమును అనలేదు. కాని సంఘం పని చేసేవారి చెవికి ఆ మాట మామూలు మాట కాదు.

హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి 2014లో కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ కోసం జరిపిన అధ్యయనంలో, స్టేషను సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేస్తున్నారని తేలినది. ఎనిమిది గంటల షిఫ్టు పెట్టవలెనంటే మంజూరైన బలగం సుమారు 1.68 రెట్లు కావలెనని ఆ అధ్యయనం లెక్కగట్టినది. మంజూరైన పోస్టులే భర్తీ కాని చోట ఈ లెక్క అర్థమేమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. అయినను ఇది అసాధ్యం కాదు. ముంబయిలో ఒక కానిస్టేబుల్ స్వయంగా వేసిన పథకం ఆధారంగా 2016లో దేవనార్ స్టేషనులో ఎనిమిది గంటల షిఫ్టు ప్రయోగం మొదలై, మరుసటి ఏడు నగరంలోని ఇతర స్టేషన్లకు విస్తరించినది. అలసిన డ్రైవరు చేతిలో రైలు సురక్షితం కాదన్న వాదన మనది. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది పది గంటల డ్యూటీ హామీ సాధించినది ఆ వాదనతోనే. (ఆ హామీ నేటికీ సక్రమంగా అమలు కాలేదన్నది వేరొక వ్యాసానికి తగిన సంగతి.) అలసిన కానిస్టేబుల్ చేతిలో నిందితుడు ఏ మేరకు సురక్షితుడు?

ఈ మాట పైవారిని అడుగుటకు కానిస్టేబుల్‌కు నోరు లేదు. రాజ్యాంగంలోని 33వ అధికరణం ఇచ్చిన అధికారంతో పార్లమెంటు 1966లో పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం చేసినది. ప్రభుత్వ అనుమతి లేనిదే వారు సంఘంలో చేరరాదు. ఢిల్లీ పోలీసు కర్మచారి సంఘం గుర్తింపు రద్దును సుప్రీంకోర్టు 1986లో సమర్థించినది. తెలుగు రాష్ట్రాలలోను, కేరళలోను పోలీసు సంఘాలున్న మాట నిజమే. అయితే ఆ గుర్తింపు ప్రభుత్వం ఇచ్చిన వరము, హక్కు కాదు. గొంతు మూసినచోట అది వేరొక రూపంలో పగులుతున్నది. 1973 మేలో ఉత్తరప్రదేశ్‌లో పి.ఎ.సి. బలగాలు తిరగబడినవి. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలతో సహా రోడ్డెక్కి ఒకే పోలీసు విధానం కావలెనన్నారు. ఫలితంగా 39 మంది సస్పెండు అయినారు, పది మంది ఉద్యోగాలు కోల్పోయినారు.

విచారణ లేకుండా తొలగించు ఆ అధికారం మనకు పరిచయమైనదే. 311వ అధికరణం రెండవ ఖండానికి ఉన్న మినహాయింపు రైల్వేలో 14వ నిబంధనగా, తపాలా శాఖలో 19వ నిబంధనగా మన తలల మీద వ్రేలాడుచున్నది. 1985 నాటి తులసీరాం పటేల్ తీర్పును చదివినవారికి గుర్తుండవచ్చును: ఆ ఒక్క తీర్పులోనే లోకో రన్నింగ్ సిబ్బంది, బొకారో పారిశ్రామిక భద్రతా దళంవారు, మధ్యప్రదేశ్ పోలీసులు ముగ్గురూ కలిసి ఓడిపోయినారు.

“సంఘమిస్తే కొట్టినవారినే కాపాడుకుంటారు” అను అభ్యంతరం మాకు ఎక్కువ బరువైనదిగా తోచినది. అటువంటి ప్రమాదం ఉన్నది, కాదనలేము. అందుకే సంఘ హక్కును, స్వతంత్ర ఫిర్యాదుల సంస్థను విడివిడిగా అడుగరాదు. 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో ఇద్దరు చిన్న వ్యాపారులు, తండ్రీ కొడుకులు, పోలీసు దెబ్బలకు బలియైనప్పుడు, రాత్రంతా కొట్టినారని మేజిస్ట్రేటుకు చెప్పినది ఆ స్టేషనులోని మహిళా హెడ్ కానిస్టేబులే. ఆమె భయపడుతూనే చెప్పినది. అటువంటి మనిషికి అండగా నిలువవలసినది ఎవరు? స్టేషన్లలో సి.సి. కెమెరాలు పెట్టవలెనని అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. కెమెరా చెడిపోయిన రాత్రి మిగిలే సాక్షి సాటి ఉద్యోగియే. చిత్రహింసల వ్యతిరేక అంతర్జాతీయ ఒడంబడికపై 1997లో సంతకం చేసిన మన దేశం నేటికీ దానిని ధ్రువీకరించలేదు.

ఇది మనకు దూరపు విషయమని అనుకొనుట పొరపాటు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో పాత 144వ సెక్షన్ 163గా, ముందస్తు అరెస్టులకు వాడే 151వ సెక్షన్ 170గా మారినవి. వాటికి తోడు 172వ సెక్షన్ చేరినది. పోలీసు ఆదేశాన్ని ధిక్కరించినారన్న పేరుతో మనిషిని అదుపులోకి తీసుకొనుటకు అది వీలిచ్చుచున్నది. సమ్మె నోటీసు ఇచ్చిన రాత్రి మన కార్యదర్శి తలుపు తట్టబోయేది ఈ సెక్షన్లే.

కనుక సిద్ధం చేసిన ముసాయిదా తీర్మానంలో సమ్మె హక్కును మేము కోరలేదు. కింది స్థాయి పోలీసులకు ఎన్నికైన సంఘం, ఎనిమిది గంటల పని, వారపు సెలవు కోరినాము. వాటితోబాటే, విడదీయరాని షరతుగా, పోలీసు శాఖకు సంబంధం లేని సభ్యులతో జిల్లా ఫిర్యాదుల సంస్థ కోరినాము. ముసాయిదా ఈ సంచికతోబాటు శాఖలకు పంపుతున్నాము. కార్యవర్గంలో దీనిపై ఏకాభిప్రాయం లేదు. వ్యతిరేకించినవారి అభిప్రాయాన్ని కూడా ప్రచురించుటకు సిద్ధముగా ఉన్నాము. లాఠీ దెబ్బలు తిన్న సభ్యులు ముందుగా వ్రాయవలెనని మా ప్రత్యేక అభ్యర్థన.