తిరుగు టపా

పోయిన నెలలో ఒకనాడు, మా కాలేజీలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చి, "కథలు వ్రాయడం మానేస్తున్నాను మాస్టారూ" అంది. పత్రికలకు ఏడు కథలు పంపిందట. అయిదింటికి జవాబే లేదు. రెండింటికి మాత్రం, స్వీకరించలేకపోతున్నామని ఈమెయిల్లో ఒక ముక్క.

ఇలాంటప్పుడు వెయ్యడానికి తెలుగు మాస్టర్ల దగ్గర ఒక మాత్ర ఎప్పుడూ సిద్ధంగా వుంటుంది. నేనూ తీశాను. "శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కి చలం 1940లోనే ముందుమాట వ్రాసిపెట్టాడు. పుస్తకం వచ్చింది 1950లో. పదేళ్ళు! అంతటివాడికే తప్పలేదు, నువ్వెంత?" అన్నాను.

ఆ పిల్ల నా వంక చూచి, "చలం వ్రాసిపెట్టాడు కదండీ. చదివినవాడు ఒకడున్నాడు. నాకెవరున్నారు?" అంది.

ఇరవయ్యేళ్ళుగా పాఠం చెబుతున్నాను గాని, ఆ ముందుమాటను అటువైపు నుంచి ఎన్నడూ చూడలేదు సుమండీ!

ఆ రాత్రి అటకమీది ట్రంకుపెట్టె దింపాను. అందులో నా కథలు నాలుగున్నాయి. 2002 ప్రాంతంలో, నేను ఎం.ఏ. చదివే రోజుల్లో వ్రాసినవి. అప్పట్లో మన చిరునామా వ్రాసి, స్టాంపులంటించిన కవరు జతచేసి పంపేవాళ్ళం. పోస్ట్‌మాన్ వీధి మలుపు తిరిగేసరికే సంగతి తెలిసిపోయేది. చేతిలో కార్డుంటే శుభవార్త. లావుపాటి కవరుంటే మన సరుకు మనకే. మొదటి మూడుసార్లూ మా అమ్మ, "నీకేదో వచ్చిందిరా!" అని సంబరంగా కేకేసింది. నాలుగోసారి కేక వెయ్యలేదు. కవరు తెచ్చి బల్లమీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తరువాత నేను కథ వ్రాయలేదు. ఉద్యోగం, సంసారం, దిద్దవలసిన పేపర్లు అని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. అమ్మ అలా వెళ్ళడం ఇంకోసారి చూడలేక మానేశాను.

ఒక కథ మూడో పేజీ అంచున చిన్న పెన్సిలు గీత కనిపించింది. ఆనాడు నేను గమనించనేలేదు. తిరిగొచ్చిన కథను విప్పి చదువుకునే గుండె ఎవరికుంటుంది? ఇప్పుడు చదివాను. రెండు పేజీల నిండా గోదావరి వర్ణన. మూడో పేజీలో గాని ఒక మనిషి రాడు. వచ్చినవాడు బాగానే మాట్లాడాడు, పాపం. కాని అతను వచ్చేసరికి సంపాదకుడుగారు వెళ్ళిపోయారు!

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, కథ ఒకటి ఇమ్మన్నాను. బాగుందనీ బాగులేదనీ అననన్నాను. ఎక్కడ నాకు ఆవులింత వస్తుందో అక్కడ గీత పెడతానన్నాను. నాలుగో పేజీలో పెట్టాను. మొహం చిన్నబుచ్చుకుంటుందేమోనని జంకుతూనే తిరిగి ఇచ్చాను.

చాలాసేపు ఆ గీత వంకే చూచింది. "ఇక్కడ నాకూ విసుగేసింది మాస్టారూ" అని నవ్వి, చెయ్యి చాపింది.

"మరి మీది?"

ఇచ్చాను. నాలుగు రోజులైంది. ఇంకా తిరిగి రాలేదు.