విప్పని పొట్లంలో ఏముంది?

బబుల్‌గమ్ పొట్లంతో పాటు వచ్చే క్రికెట్ క్రీడాకారుల బొమ్మల కోసం ఒకప్పుడు మన పిల్లలు పోటీలు పడేవారు. ఆ బొమ్మలతో కొన్నాళ్లు ఆడుకొని పారవేశారు. అమెరికా, కెనడా దేశాలలో అటువంటి కార్డులే కాలక్రమేణా పెద్దల ఆస్తులుగా మారాయి. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ కేంద్రంగా పనిచేసిన టాప్స్ సంస్థ 1952లో 407 బేస్‌బాల్ కార్డులను వెలువరించింది. వాటిలో 311వ సంఖ్య గల మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో జరిగిన వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అది మొదట అంగడికి వచ్చినప్పుడు పొట్లం ధర అయిదు సెంట్లు!

విడి కార్డుల వ్యాపారం కన్నా చిత్రమైనది మరొకటి ఉంది. అది ఆనాటి నుండి నేటివరకు ఎవరూ విప్పకుండా మిగిలిపోయిన పొట్లాల వ్యాపారం. లోపల అరుదైన కార్డు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆ ఆశకే ధర కడతారు. విప్పితే నిజం తెలుస్తుంది, కానీ విప్పని పొట్లానికి ఉన్న విలువ ఆ క్షణమే నశిస్తుంది. అందువల్ల కొన్నవారిలో చాలామంది తాము కొన్నదేమిటో కన్నులారా చూడకుండానే దాచుకుంటారు, చూడకుండానే మరొకరికి అమ్ముతారు. మోసగానికి ఇంతకంటే అనువైన సరుకు ఏముంటుంది?

మోసం జరిగే తీరు తెలియాలంటే ముందు పొట్లం తయారైన తీరు తెలియాలి. ఆ కాలపు పొట్లాలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది మైనం పూసిన కాగితపు పొట్లం. కార్డులను, బబుల్‌గమ్ పలకను కాగితంలో చుట్టి, వెనుకవైపు మడతలపై యంత్రంతో వేడి తగిలించేవారు. మైనం కరిగి మడతలు అతుక్కునేవి. రెండవది పారదర్శకమైన సెల్లోఫేన్ పొట్లం. ఇందులో పై కార్డు, అడుగు కార్డు బయటికి కనబడతాయి. మూడవది దుకాణంలో కొక్కేనికి వేలాడదీసే మూడు అరల పొట్లం.

మైనపు కాగితపు పొట్లాన్ని జాగ్రత్తగా విప్పడం కష్టమైన పని కాదు. మంచి కార్డులను తీసివేసి, వాటి స్థానంలో విలువలేని కార్డులను పెట్టి, మడతలను యథాతథంగా మడిచి ఇస్త్రీపెట్టెతోనో మరో వేడి పలకతోనో మళ్లీ అతికిస్తారు. పాత ఖాళీ కాగితాలు సేకర్తల మధ్య విడిగా అమ్ముడవుతూనే ఉంటాయి కనుక, అసలైన కాగితంలోనే నకిలీ పొట్లం తయారు చేయవచ్చు. కాగితం పాతదైనంత మాత్రాన పొట్లం విప్పనిదని అర్థం కాదు.

అందుకే పరీక్షకులు పొట్లాన్ని ముందుగా వెనుకకు తిప్పి చూస్తారు. కర్మాగారంలోని యంత్రం వేసిన అతుకు ఒకే వెడల్పుతో, ఒకే ఒత్తిడితో ఉంటుంది. తిరిగి అతికించిన చోట మైనం పక్కలకు పాకి ఉంటుంది, లేదా అతుకు ఒకచోట గట్టిగా, మరొకచోట వదులుగా ఉంటుంది. మడత గీతలు రెండు జంటలుగా కనబడితే ఆ కాగితాన్ని ఎవరో ఒకసారి విప్పి మడిచారని అనుమానించాలి. జిగురు జాడ కనబడితే ఇక సందేహమే అక్కరలేదు. సెల్లోఫేన్ పొట్లమైతే అతుకు ఏ దిశలో ఉన్నదో, ఆ సంవత్సరపు అసలు పొట్లాలలో అది ఎక్కడ ఉండేదో పోల్చి చూస్తారు. పై కార్డుగా ప్రసిద్ధ క్రీడాకారుడే కనబడుతున్న పొట్లాన్ని మరింత శ్రద్ధగా పరీక్షిస్తారు. ఎందుకంటే నకిలీ చేసేవాడు ముందుగా అలంకరించేది ఆ చోటునే.

లోపలి క్రమం కూడా ఒక సాక్ష్యం. కార్డులను పెద్ద అట్టలపై ముద్రించి, కత్తిరించి, యంత్రం పేర్చిన వరుసలోనే పొట్లాలలో నింపేవారు. 1986లో ఫ్లీర్ సంస్థ వెలువరించిన బాస్కెట్‌బాల్ కార్డులను చూడండి. మొత్తం 132 కార్డులు, వాటితో పాటు 11 స్టిక్కర్లు. ఒక్కో పొట్లంలో 12 కార్డులు, ఒక స్టిక్కరు, ఒక బబుల్‌గమ్ పలక. ఒకటవ సంఖ్య కరీం అబ్దుల్ జబ్బార్‌ది. అందరూ వెదికేది 57వ సంఖ్య గల మైకేల్ జోర్డన్ కార్డు. ఏ కార్డు తరువాత ఏది వస్తుందో అనుభవజ్ఞులకు తెలుసు. విప్పిన పొట్లంలో ఆ వరుస తప్పితే ఎవరో చేయి పెట్టారని గ్రహిస్తారు. అతుకును తాకి ఉండే కార్డుపై మైనపు మరక, బబుల్‌గమ్‌ను ఆనుకొని ఉన్న కార్డుపై దాని మరక ఉండడం సహజం. ఇన్నేళ్ల తరువాత అక్కడ ఏ మచ్చా లేకపోతే అదే అనుమానానికి తావిస్తుంది. ఇదే సంపుటిలో ఒలాజువాన్ పేరు హకీం అని కాక అకీం అని ముద్రితమై ఉంటుంది. ఆయన తన పేరును హకీం అని రాయడం మొదలుపెట్టింది 1991లో. 1986 నాటి కార్డుపై హకీం అని ఉంటే అది తరువాతి కాలపు సృష్టి అన్నమాట.

ఇన్ని పరీక్షలున్నా అవి నిరూపించగలిగేది ఒక హద్దు వరకే. అతుకు చెడలేదని అవి చెబుతాయి. లోపల ఏముందో ప్రమాణం చేసి చెప్పలేవు. 2021లో లోగన్ పాల్ అనే యూట్యూబ్ ప్రముఖుడు 35 లక్షల డాలర్లు వెచ్చించి పోకెమాన్ కార్డుల మూసిన పెట్టెను కొన్నాడు. అవి క్రీడా కార్డులు కావు, కానీ వ్యాపార పద్ధతి ఇదే. ఆ పెట్టెకు నిపుణుల ధ్రువీకరణ కూడా ఉంది. 2022 జనవరిలో షికాగోలో దానిని విప్పితే లోపల జి.ఐ. జో అనే మరో రకం కార్డులు బయటపడ్డాయి. పైన ధ్రువపత్రం, లోపల దగా!

దీనికి భిన్నమైన ఉదాహరణ కెనడాలో కనబడుతుంది. సస్కాచెవాన్ రాష్ట్రంలోని రెజైనా నగరంలో ఒక కుటుంబానికి తమ ఇంట్లో 1979–80 నాటి ఓపీచీ సంస్థ హాకీ కార్డుల మూసిన పెట్టె దొరికింది. అందులో 16 చిన్న పెట్టెలు, ఒక్కొక్క దానిలో 48 పొట్లాలు, పొట్లానికి 14 కార్డులు. అంటే మొత్తం 10,752. సంపుటిలో 396 కార్డులు గనుక, వేన్ గ్రెట్స్కీ తొలి కార్డు సగటు లెక్కన 27 వరకు ఉండవచ్చు. 2024 ఫిబ్రవరి వేలంలో ఆ పెట్టె 37.2 లక్షల డాలర్లు పలికింది. కర్మాగారపు మూత చెక్కుచెదరకపోవడంతో పాటు, అది ఇంతకాలం ఏ ఇంట్లో ఉన్నదో చెప్పగలగడం దానికి బలమైంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. విప్పని పొట్లాన్ని కొనేవాడు నిజానికి కొనేది అది చేతులు మారిన చరిత్రను. మన ఇళ్లలో అమానత్ అనే మాట ఎరుగనివారుండరు. ఇతరుల సొత్తును ఉన్నదున్నట్లు కాపాడి అప్పగించడమే అది. ఈ వ్యాపారమంతా ఆ ఒక్క గుణంపై నిలబడి ఉంది. గొలుసులో ఒక్క చేయి నమ్మకద్రోహం చేసినా, తరువాత వచ్చిన ప్రతివాడూ తెలియకుండానే ఆ మోసాన్ని మరొకరికి అందిస్తాడు.

అమెరికాలో, కెనడాలో స్థిరపడిన మన బంధువుల పిల్లలు పాఠశాల స్నేహితులతో కలిసి ఈ సేకరణలో పడడం సాధ్యమే. పాత ఇల్లు కొన్నప్పుడు అటకపై ఇటువంటి పెట్టె దొరకడమూ అసాధ్యం కాదు. దొరికితే తొందరపడి విప్పవద్దు, నలిగిన కాగితాన్ని సరిచేయాలని చూడవద్దు. దొరికిన చోట, దొరికిన స్థితిలో ఫొటోలు తీయాలి. పాత రసీదులుంటే వాటితో కలిపి భద్రపరచాలి. ఎండ, వేడి, తేమ తగలనీయకుండా దాచి, పేరున్న పరీక్షకులకు చూపించాలి. కొనదలచినవారు పొట్లం వెనుకవైపు స్పష్టమైన ఫొటోలు అడగాలి, అది అమ్మకందారుకు ఎవరి వద్ద నుండి వచ్చిందో అడగాలి. ఈ రెండు ప్రశ్నలకు విసుక్కునేవారి వద్ద ఎంత చవకగా వచ్చినా కొనవద్దు.

పిల్లలకు మాత్రం మరొక మాట కూడా చెప్పాలి. పోయినా ఇల్లు గడిచేంత సొమ్మునే ఇటువంటి సరదాకు కేటాయించాలి. ఫీజుల కోసం దాచిన డబ్బుతో ఆశను కొనరాదు. అమ్మవలసి వచ్చిననాడు పొట్లంలో తమకు తెలిసిన లోపాన్ని కొనేవానికి ముందే చెప్పాలి. ధర కొంత తగ్గుతుంది, తగ్గనీయండి.