బ్రేకు విద్యుత్తుకు దారా, గోదామా?

హైదరాబాద్ మెట్రో రైళ్లు పైతీగ నుంచి 25 కిలోవోల్టుల ఏసీ విద్యుత్తును అందుకుంటే, బెంగళూరు, కొచ్చి మెట్రోలు పట్టాల పక్కనే సాగే మూడో పట్టా నుంచి 750 వోల్టుల డీసీని అందుకుంటాయి. ప్రయాణికుల దృష్టికి రాని ఈ తేడాయే, బ్రేకు వేసినప్పుడు పుట్టే విద్యుత్తు గతి ఏమిటన్నది చాలావరకు తేలుస్తుంది.

రైలు వేగాన్ని తగ్గించేటప్పుడు మోటారే జనరేటరుగా మారి గతిశక్తిని విద్యుత్తుగా వెనక్కి పంపుతుంది. ఏసీ వ్యవస్థలో అది ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా తీగలోకి, మిగిలితే గ్రిడ్‌లోకి చేరుతుంది. డీసీ మార్గంలో మాత్రం ఏసీని డీసీగా మార్చే డయోడ్ రెక్టిఫయర్ విద్యుత్తును ఒకే దిశలో పోనిస్తుంది కనుక, సమీపంలో మరో రైలు బయలుదేరుతూ ఉంటే తప్ప ఆ విద్యుత్తును వాడుకునేవారు ఉండరు. వోల్టేజి హద్దు మీరకుండా దానిని రెసిస్టర్లలో వేడిగా తగలేయవలసి వస్తుంది. అపార్టుమెంటు లిఫ్టులోనూ ఖాళీ పెట్టె పైకి పోయేటప్పుడు ఎదురు బరువే దానిని లాగుతుంది కాబట్టి, విద్యుత్తును గ్రిడ్‌కు తిప్పి పంపలేని డ్రైవు ఉన్నచోట మెషిన్ రూములోని రెసిస్టర్ పెట్టె వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి తోలడానికి ఫ్యాను పెడితే దానికి మళ్లీ కరెంటు ఖర్చు.

ఈ శక్తిని నిల్వ చేయాలనడం తేలికే గాని, లెక్క వేస్తే చిక్కు బయటపడుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే 200 టన్నుల రైలులో 40 మెగాజౌళ్ల గతిశక్తి, అంటే సుమారు 11 యూనిట్లు ఉంటుంది. యూనిట్లుగా చూస్తే ఇది స్వల్పమే అయినా, రైలు 20 సెకన్లలో ఆగితే, నష్టాలను పక్కనపెట్టినా, సగటున 2 మెగావాట్లు, తొలి క్షణాన 4 మెగావాట్లు మీద పడతాయి. ఆ ఉరవడిని 11 యూనిట్ల మామూలు లిథియం బ్యాటరీ తట్టుకోలేదు కనుక, అవసరానికి ఎన్నో రెట్లు పెద్దది కొనాలి. లక్షల సార్లు నింపి ఖాళీ చేసినా చెడని సూపర్ కెపాసిటర్ ఆ వేగాన్ని అందుకుంటుంది. అయితే కిలోకు 5 వాట్ అవర్ల చొప్పున, వోల్టేజి సగానికి పడేలోగా చేతికొచ్చేది ముప్పాతిక శక్తే కనుక, సెల్స్ బరువే 3 టన్నులకు చేరుతుంది. రైలుపై మోయడం కన్నా దానిని సబ్‌స్టేషన్‌లో ఉంచడమే మేలు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సెప్టా రవాణా సంస్థ 2012లో సబ్‌స్టేషన్‌లో అమర్చిన బ్యాటరీ, రైళ్ల శక్తిని దాచుకోవడంతో పాటు గ్రిడ్ ఫ్రీక్వెన్సీని సరిదిద్దే సేవకూ ఆదాయం తెచ్చింది. ఇలాంటి రెండో సంపాదన లేనిచోట, కొత్త డీసీ మార్గాలకు నిల్వ పరికరం మూడో ప్రత్యామ్నాయమే కావాలి: ఒక రైలు ఆగే వేళకు మరొకటి కదిలేలా టైంటేబుల్ దిద్దడం దాదాపు ఖర్చు లేని పని, గ్రిడ్‌కు తిప్పి పంపే ఇన్వర్టరును సబ్‌స్టేషన్‌లో పెట్టడం ఆ తరువాతిది. సరఫరా ఆగినప్పుడు సొరంగంలోని రైలును తదుపరి స్టేషనుకు చేర్చవలసిన చోట, లేదా స్థానిక గ్రిడ్ బలహీనంగా ఉన్నచోట నిల్వకు న్యాయమైన స్థానం ఉంది. నడుస్తున్న మార్గాల్లో అయితే టెండరుకు ముందే రెసిస్టర్లకు మీటర్లు బిగించి, రద్దీ వేళల్లోనూ రాత్రి రైళ్లు పలచబడినప్పుడూ ఎన్ని యూనిట్లు కాలిపోతున్నాయో నమోదు చేయాలి. ఆ అంకె లేకుండా బ్యాటరీ పరిమాణాన్ని అమ్మకందారే నిర్ణయిస్తాడు.