నిత్యకల్యాణం ఊళ్ళో పొట్టు తలంబ్రాలు



మురమళ్ళ అనగానే బయటివాళ్ళకి వీరేశ్వరస్వామి నిత్యకల్యాణం గుర్తొస్తుంది. ఇదే కోనసీమలో పీచు మిల్లులకి పనికెళ్ళే మా పేటల ఆడవాళ్ళకీ రోజూ తలంబ్రాలే. మిషన్లో కొబ్బరి డొక్క చీలుతుంటే లేచే పొట్టు అది. జుట్టులో, కనురెప్పల మీద, ముక్కులో, గొంతులో. ఏ పురోహితుడూ అక్కర్లేదు, పొద్దున్నించి సాయంత్రం దాకా పడుతూనే ఉంటుంది.

"మాస్కులిస్తే పెట్టుకోరండీ వీళ్ళు" అని ఓనర్లు అంటారు. మన చదువుకున్న పిల్లలు కూడా కొందరు తలూపుతారు. ఇవాళ ఆ మాట సంగతి తేలుద్దాం.

ఇచ్చే మాస్కు ఏది? గుడ్డముక్క, లేదా ఆస్పత్రిలో పెట్టుకునే పల్చటి నీలం మాస్కు. పక్కసందుల్లోంచి సన్నధూళి దర్జాగా లోపలికొస్తుంది. ఎన్95, ఎఫ్‌ఎఫ్‌పీ2 రకాలు నయమే, కానీ మొహానికి గట్టిగా అతుక్కుంటేనే. గడ్డం పెరిగిన మగాడికి అతుక్కోవు. పైగా ఏప్రిల్ ఉక్కలో డొక్కలు ఎత్తిపోసే మనిషికి వాటిలోంచి గాలి పీల్చడమే ఇంకో కూలిపని. చెమటకి తడిశాక ఎవరైనా తీసి పడేస్తారు. ఊపిరాడక తీసేసిన మనిషిని పట్టుకుని "బుద్ధిలేదు" అనడం ఈ దేశంలో పాత అలవాటు.

ఊపిరి ఆడేది ఒకటుంది. పవర్డ్ రెస్పిరేటర్ అంటారు. నడుముకి బెల్టు, దానికి బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను. అది గాలిని ఫిల్టర్లోంచి లాగి, గొట్టం ద్వారా తల మీద హుడ్‌లోకి నెడుతుంది. లోపల్నుంచి గాలి బయటికి తోస్తూ ఉంటుంది కాబట్టి ధూళి లోపలికి దూరడం కష్టం. వదులు హుడ్‌కి గడ్డం అడ్డు కాదు. ముందు అద్దం ఉంటుంది కాబట్టి కళ్ళూ బతుకుతాయి.

యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు అడగాల్సినవి రాసుకోండి. యూరప్ ప్రమాణంలో టీహెచ్1, టీహెచ్2, టీహెచ్3 అని మూడు తరగతులు. పరీక్షలో లోపలికి రాగలిగే ధూళి మొదటిదానికి 10 శాతం, రెండోదానికి 2, మూడోదానికి 0.2 శాతం మించకూడదు. టీహెచ్3 అడగండి. బ్యాటరీ షిఫ్టు మొత్తం వస్తుందా? గాలి తగ్గితే అలారం మోగుతుందా? పొట్టు ముతక కాబట్టి అసలు ఫిల్టర్ తొందరగా పూడకుండా ముందొక ప్రీఫిల్టర్ ఉందా? ఫిల్టర్లు మన దగ్గర దొరుకుతాయా? పూడిన ఫిల్టర్‌ని కంప్రెషర్ గాలితో ఊది మళ్ళీ బిగించకూడదు, చిరిగిపోతుంది. హుడ్ మనిషికొకటి. పదిమందికి ఒకటి అంటే ఒప్పుకోవద్దు.

ఒక హెచ్చరిక. ఈ యంత్రం ఆక్సిజన్ పుట్టించదు, ఉన్న గాలిలో ధూళిని మాత్రమే ఆపుతుంది. దీన్ని తగిలించి మనవాణ్ణి సెప్టిక్ ట్యాంకులోకి దించుతామనే పెద్దమనిషి కనబడితే అక్కడే అడ్డం పడండి. అది హత్య.

ఖరీదు పదుల వేలల్లో ఉంటుంది నిజమే. మిషన్ కొనేటప్పుడు అప్పు పుట్టింది కదా? ఆ మిషన్ ముందు నిలబడే మనిషి దగ్గరకొచ్చేసరికే జేబు ఎందుకు కుట్టుకుపోతుంది?

అయినా రెస్పిరేటర్ ఆఖరి మెట్టు. మిషన్‌కి మూత, పొట్టు లేచే చోటే దాన్ని లాగేసే ఎగ్జాస్టు, వీలున్న దగ్గర తడి చేయడం ముందు రావాలి. ధూళి పుట్టినచోటికి వీలైనంత దగ్గర్లో లాగెయ్యాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షనే చెప్పింది. కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే అప్పుడు ఫ్యాక్టరీ. 2020 నాటి కొత్త కోడ్ దాన్ని 20 చేసింది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. చిన్న మిల్లుల్లో పనిచేసే మనవాళ్ళు ఒక్క అంకెతో ఫ్యాక్టరీ లెక్కలోంచి జారిపోయారు. అదే కోడ్ 6వ సెక్షన్లో ఒక ఆయుధం మిగిలింది: భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుల దగ్గర పైసా వసూలు చేయకూడదు. 10 మంది పనిచేసే చోటికి ఆ మాట వర్తిస్తుంది. పట్టుకోండి.

తలుపులు, మంచాలు చేసే షాపుల్లో శాండింగ్ పట్టే కుర్రాళ్ళ సంగతి ఇంకా ఘోరం. చెక్క ధూళి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 1995లోనే తేల్చింది. కొబ్బరి పొట్టుకి ఆ ముద్ర లేదు. లేదని అది మంచిదైపోదు. తడి డొక్కల గుట్టల్లో బూజు పుడుతుంది, ఆ బూజు ధూళి ఉబ్బసం ఉన్నవాళ్ళ ప్రాణం తోడేస్తుంది.

మన జిల్లాకి బాబాసాహెబ్ పేరు వద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. పేరు నిలిచింది. ఆ పేరున్న మనిషి 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూశాడు. బోర్డు మీద నిలబెట్టుకున్న పేరుని మిల్లు గుమ్మం దాటించడం మన పని.

విద్యార్థులకి ఒక పని చెప్తున్నా. ఈ ఆదివారం మీ దగ్గర్లోని మిల్లుకి వెళ్ళండి. ఆఫీసు గది గాలికి ఎటువైపు ఉందో చూడండి. మిషన్ మూతి దగ్గర నిలబడ్డవాళ్ళు ఏ పేట నుంచి వచ్చారో అడగండి. రెండూ పక్కపక్కన రాయండి. కులం గురించి వేరే వ్యాసం రాయక్కర్లేదు.

జై భీమ్.