పోస్టర్ చూసి ఇల్లు కొంటారా?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. పెళ్లి సంగతి విజయా వారు 1952లోనే ‘పెళ్లి చేసి చూడు’ అని తీసి చూపించారు. ఇల్లు సంగతి మాత్రం మన ఇళ్లల్లో రోజూ ఆడుతూనే ఉంది!

మొన్న భూపాలపల్లి నుంచి ఓ కుర్ర మిత్రుడొచ్చాడు. వాళ్ల నాన్నగారు సింగరేణిలో రిటైరయ్యారు.

‘‘అన్నా, కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. జనగామల ఇరవై ఇండ్ల వెంచర్. ఇల్లు యాభై లక్షలు. టైల్స్ చూస్తే మొఖం కనపడతది! ఎల్లుండి బాపు పదిహేను లక్షలు అడ్వాన్స్ ఇస్తుండు.’’

‘‘కాగితం?’’

‘‘తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఇస్తడట.’’

నా గుండె జారిపోయింది. బొగ్గుగనిలో ఒక జీవితకాలం దిగి ఎక్కిన చెమట అది!

‘‘తమ్ముడూ, సినిమా మొదట్లో తెరమీద ఏం పడుతుంది?’’

‘‘సెన్సార్ సర్టిఫికెట్.’’

‘‘ఇళ్లకూ అలాంటిదొకటుంది. పేరు రెరా. 2016లో వచ్చిన చట్టం. ఇరవై ఇళ్ల వెంచర్‌ అయితే తెలంగాణ రెరాలో రిజిస్టరు చేయకుండా ప్రకటనే ఇవ్వకూడదు, అమ్మకూడదు. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో పదో వంతు మించి పుచ్చుకోకూడదు. యాభై లక్షలకి అయిదు లక్షలు. పదిహేను ఎలా అడుగుతాడు? ఇల్లు అప్పగించాక అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. ముందు రెరా నంబరు అడుగు.’’

అడిగాడు. ‘‘నంబరెందుకు? నా మాట మీద నమ్మకం లేదా?’’ అన్నాట్ట బిల్డరు. పెద్దాయన డబ్బు సంచీతో సహా తిరుగు బస్సెక్కారు.

ఇప్పుడు వాళ్ల చూపు మహబూబాబాద్ మీద పడింది. అక్కడ మేనమామ ఉన్నాడు. మూడొందల గజాల్లో రెండు కొత్త ఇళ్లట. ఇక్కడే ఉంది మెలిక! స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటకపోయినా, ఇళ్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అప్పుడు సెన్సారు బోర్డు మీరే! లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీసి లాయరుకి చూపించాలి. మున్సిపాలిటీ ఇచ్చిన ప్లాను చేత్తో పట్టుకుని గది గదీ కొలవాలి. వీలైతే ఓ వానాకాలం సాయంత్రం వెళ్లి స్లాబు కింద నిలబడి చూడాలి. రంగులు, టైల్సు పోస్టరు మాత్రమే. అసలు కథ గోడల్లోపల ఉంటుంది.

అన్నట్టు, రెరా నంబరున్నంత మాత్రాన ఇల్లు హిట్టని కాదు సుమా! సెన్సారైన సినిమాలన్నీ వందరోజులు ఆడాయా?

మిత్రుడి కుటుంబం ప్రస్తుతం అద్దె ఇంట్లో ఉంది. పదిహేను లక్షలూ బ్యాంకులో భద్రంగా ఉన్నాయి. ‘‘ఇల్లు ఆలస్యమైతే అయింది గాని బాపు నిద్రపోతుండు అన్నా’’ అన్నాడు వాడు.

సినిమా బాగోలేకపోతే పోయేది ఓ టిక్కెట్టు. ఇల్లు బాగోలేకపోతే పోయేది నాన్నగారి నిద్ర. మీ ఇంట్లో ఈ మాట నడుస్తుంటే, ఈ పేజీ ఆయనకోసారి చదివి వినిపించండి. వచ్చేవారం మళ్లీ కలుద్దాం!