నాన్నగారి కారు ఊరికి వెళ్లేటప్పుడు



నాగోలులో కొన్ని ఇండ్ల ముందు పట్టా కప్పిన అంబాసిడర్ కార్లు ఇంకా కనిపిస్తాయి. తండ్రి పోయాక కొడుకులు దానిని అమ్మలేరు, నడపలేరు. ఊళ్లో కొట్టం ఉన్నది గదా, అక్కడ పెడదామంటారు. ఉత్తరపారా కర్మాగారంలో 2014లో ఈ కారు తయారీ ఆగిపోయింది గనుక, దారిలో పాడైతే అటువంటిది మళ్లీ కొనుక్కోలేము.

చాలామంది చేసేది, లారీకి మోకు కట్టి లాగించడం. మోకు లాగగలదు గాని ఆపలేదు. ముందు బండి ఆగితే వెనుక కారు వచ్చి గుద్దుతుంది. అద్దె కొంచెం ఎక్కువైనా, చదునైన బల్ల ఉన్న లారీ మీదనో, ట్రెయిలర్ మీదనో ఎక్కించడమే మంచిదని మేము చెబుతున్నాము.

ట్రెయిలర్ సంగతి ఎడ్లబండి తోలినవారికి వేరే చెప్పనక్కరలేదు. బరువు వెనుకకు పడితే కాడి పైకి లేస్తుంది, ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు వంగుతాయి. ఇక్కడా అంతే. ట్రెయిలరూ కారూ కలిపిన బరువులో 10 నుండి 15 శాతం ముందరి కొక్కెం మీద పడాలి. అంబాసిడర్‌కు ఇంజను ముందున్నది గనుక ముందువైపుగానే ఎక్కించాలి. వెనుక బరువైన ట్రెయిలర్ వేగం మీద పాము తోకలా ఊగుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు వేయకూడదు. స్టీరింగు నిలకడగా పట్టుకొని, ఆక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీయాలి.

కట్టేటప్పుడు బంపరుకు కట్టనేకూడదు. పాత బంపరు లోపల తుప్పు ఎంత తిన్నదో ఎవరికి తెలుసు? బిగించే మర ఉన్న వెడల్పాటి నైలాను బెల్టులతో నాలుగు చక్రాలనూ విడివిడిగా బంధించాలి. కారును గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టాలి. బ్యాటరీ వైరు తీసివేయాలి. పట్టా కూడా తీసివేయండి. గాలికి కొట్టుకొని అదే రంగును గీరేస్తుంది.

తెల్లవారుజామున బయలుదేరి, ఎల్.బి. నగర్ దాటి, హయత్‌నగర్‌లో ఒకసారి ఆగండి. బెల్టులు మొదటి కొద్ది దూరంలోనే వదులవుతాయి గనుక తిరిగి బిగించాలి. చౌటుప్పల్‌లో మరల చూడండి. పిల్లలు తాతగారి కారులో కూర్చుంటామని ఏడుస్తారు. ఏడ్చినా సరే, కట్టిన కారులో ఎవరినీ ఎక్కించవద్దు.

కారు 50 ఏండ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే, 2021 నాటి కేంద్ర నియమం కింద వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చును. అయితే అలా నమోదైన బండిని నిత్యపు పనులకు, బాడుగకు తిప్పరాదు. దారిలో జరిగే నష్టానికి బీమా వర్తిస్తుందో లేదో ముందుగానే వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఊరు చేరాక తొందర ఎక్కువవుతుంది, చుట్టూ జనం చేరుతారు. గట్టి చదును నేల మీదనే దించండి. దిమ్మెలు ఉండగానే బెల్టులు ఒక్కొక్కటిగా విప్పండి. కారు దిగే దారిలో, వెనుక ప్రక్కన, ఎవరినీ నిలువనీయవద్దు.