ఊగని లోలకాలు, కాకిలెక్కల రికార్డులు

'ప్రయోగశరణం వ్యాకరణం' అన్నారు పెద్దలు. సూత్రం చెప్పింది కనుక జనం మాట్లాడడం లేదు. జనం మాట్లాడిన తీరును చూచి సూత్రం పుట్టింది. సూత్రానికీ ప్రయోగానికీ తగవు వస్తే తలవంచవలసినది సూత్రమే. తెలుగు చెప్పుకొని బతికిన వాడికి భౌతికశాస్త్రంతో ఏమి పని అని అడిగే మిత్రులకు నా సమాధానం ఇదే: ఆ శాస్త్రానిదీ ఇదే ధర్మం. గెలీలియో నాటినుండి అక్కడ తుదితీర్పు ప్రయోగానిదే. అటువంటి శాస్త్రాన్ని మన జూనియర్ కళాశాలలలో ప్రయోగాన్ని పాతిపెట్టి, సూత్రాన్ని మాత్రం వల్లె వేయిస్తున్నారు. దీనిని చదువు అనడం నేతిబీరకాయలో నెయ్యి వెదకడమే.

ఇంటర్మీడియట్ ఎం.పి.సి.లో ఏళ్ల తరబడి నడిచిన లెక్క చూడండి. భౌతికశాస్త్రానికి ఏటా 60 మార్కుల పత్రం చొప్పున రెండు. ప్రయోగ పరీక్షకు 30 మార్కులు. అంటే 150లో అయిదో వంతు చేతిపనికి. కాగితం మీద న్యాయమైన పంపకమే. శంషాబాదు చుట్టుపక్కల పిల్లలు నాకు చూపిన రికార్డు పుస్తకాలలో ఆ అయిదో వంతు ఎట్లా సంపాదించబడుతున్నదో కనిపించింది. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజి, లఘులోలకం, అనునాద స్తంభం, కుంభాకార కటకం, పట్టకం - బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, పట్టికలు అచ్చుగుద్దినట్లు ఉన్నాయి. నిజంగా అచ్చుగుద్దినవే! ఒకరి పట్టికలోని అంకెలే మరొకరి పట్టికలోనూ. లఘులోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం అందరికీ 980.

ఆ 980 తానే సాక్ష్యం చెబుతున్నది. గురుత్వ త్వరణం భూమి మీద అంతటా ఒక్కటి కాదు. అక్షాంశాన్ని బట్టి, ఎత్తును బట్టి మారుతుంది. సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున, 17 డిగ్రీల అక్షాంశానికి కాస్త పైన ఉన్న శంషాబాదులో అది సెకను వర్గానికి సుమారు 978 సెంటీమీటర్లు. అది అటుంచండి. మీటరు పొడవు లోలకం ఇరవై ఊగులు ఊగడానికి దాదాపు 40 సెకన్లు పడుతుంది. గడియారం నొక్కడంలో అయిదోవంతు సెకను తడబడితే చాలు, ఫలితం దాదాపు 10 యూనిట్లు అటో ఇటో జరుగుతుంది. నిజంగా ప్రయోగం చేసిన నలభై మందిలో ఒకరికి 969, ఒకరికి 975, మరొకరికి 988 రావాలి. నలభై మందికీ 980 వచ్చిందంటే, అక్కడ లోలకం ఊగలేదని అర్థం. తప్పు జవాబు వచ్చిన పిల్లవాడు శాస్త్రం చేశాడు. ఒప్పు జవాబు దించిన పిల్లవాడు కాకిలెక్క రాశాడు. మార్కులు మాత్రం కాకికే.

రికార్డులలోని భాష కూడా గమనించదగినది. 'లోలకము ఊపబడినది, కాలము కొలవబడినది, విలువ కనుగొనబడినది.' అంతా కర్మణి ప్రయోగం! కర్త ఎవరని అడిగితే జవాబు లేదు. ఇంత నిజాయితీ గల వ్యాకరణం మరెక్కడా చూడలేదు.

దీనిని సమర్థించేవారు మూడు మాటలు చెబుతారు.

మొదటిది: ప్రవేశ పరీక్షలో ప్రయోగాలు అడగరు కదా, వాటికి సమయం ఎందుకు తగలెయ్యాలి? నిజమే. ఎంసెట్ అన్నా, 2024 నుండి ఈఏపీసెట్ అన్నా, ఇంజనీరింగుకు 180 నిమిషాలలో 160 ప్రశ్నలు. ప్రశ్నకు ఒక నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. ఆ వ్యవధిలో పరీక్షింపబడేది ఆలోచన కాదు, అలవాటు. ఇంటర్ మార్కులకు ఇచ్చిన 25 శాతం వెయిటేజీని కూడా తెలంగాణలో 2023లో తీసివేశారు. దానితో ప్రయోగశాలకు ఉన్న ఆఖరి బంధువు కూడా పోయాడు. కానీ పరీక్ష అడగనిది నేర్పనక్కరలేదంటే, నిజాయితీని ఏ పరీక్ష అడుగుతున్నదని నేర్పాలి? పదహారేళ్ల వయసులో, గురువు కళ్లెదుట, గురువు అనుమతితో అబద్ధపు కొలత రాసి సంతకం పెట్టించుకున్న వాడు రేపు వంతెన కట్టినప్పుడు, మందు తూచినప్పుడు ఏమి చేస్తాడు?

రెండవది: కంప్యూటరు తెర మీద ప్రయోగాలు చూపిస్తే సరిపోతుందట. తెర మీది లోలకానికి గాలి తగలదు, దారం సాగదు, చెయ్యి వణకదు. దోషం లేని చోట కొలత నేర్చుకోవడం అసాధ్యం. కొలత అంటే అంకె మాత్రమే కాదు; ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో తెలియడం. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి 22,300 కిలోల ఇంధనం కావలసి ఉండగా 22,300 పౌండ్లే ఉంది, అంటే సగం కన్న తక్కువ. లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు కిలోల గుణకానికి బదులు పౌండ్ల గుణకం వాడారు. మార్గమధ్యంలో ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. పైలట్ల నేర్పు వల్ల గిమ్లీ అనే చోట ప్రాణనష్టం లేకుండా దిగింది. ఆ పొరపాటు మొదటి సంవత్సరపు మొదటి పాఠం: ప్రమాణాలు, సాంద్రత.

మూడవది: పరికరాలకు డబ్బేది? దారం, ఇనుప గుండు, గడియారం, మీటరు బద్ద - లోలకానికి కావలసినది ఇంతే. లక్షల ఫీజు వసూలు చేసే చోట ఈ మాట చెల్లదు. ప్రభుత్వ కళాశాలలలో కొరత నిజమైన చోట అది ప్రభుత్వం సిగ్గుపడవలసిన విషయమే తప్ప ప్రయోగాన్ని ఎత్తివేయడానికి కారణం కాదు. విద్యార్థిని వేరే కళాశాలకు పంపి పరీక్షించే జంబ్లింగు మాట ఎత్తినప్పుడు ప్రైవేటు యాజమాన్యాలు ఎందుకు ఉలిక్కిపడ్డాయో కూడా ఆలోచించండి. దొంగలెక్కలు లేనివాడికి తనిఖీ అంటే భయమెందుకు?

ఈ మాటలు శంషాబాదు నుండి చెప్పడానికి కారణం ఉంది. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. సుమారు 5,500 ఎకరాలు, 4,260 మీటర్ల రన్‌వే. ఇక్కడి పల్లెల భూములే అవి. ఎండాకాలంలో గాలి పలుచబడితే విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి, అదీ భౌతికశాస్త్రమే. విమానాలను బాగుచేసే హంగరులు వచ్చాయి. 2025 నవంబరులో ఫ్రాన్సు వారి సఫ్రాన్ సంస్థ ఇంజన్ల మరమ్మతు కేంద్రమూ వచ్చింది. ఆ హంగరులలో మైక్రోమీటరు పట్టుకొని మిల్లీమీటరులో వందో వంతు చదవగలవాడికి పని ఉంది. అది మన స్క్రూగేజికి అన్నగారే. తాతల పొలం మీద లేచిన హంగరులో మనవడు పనిముట్టు పడతాడా, సామాను మోస్తాడా అన్నది, ఆ పిల్లవాడు కళాశాలలో స్క్రూగేజిని చేత్తో తిప్పాడా, బొమ్మ గీసి ఊరుకున్నాడా అన్న దానిమీద కొంత ఆధారపడి ఉంది. సామాను మోయడం తప్పు కాదు. మరో దారి ఉందని తెలియనివ్వకపోవడం తప్పు.

తిలా పాపం తలా పిడికెడు. యాజమాన్యం గది తాళం తీయదు, అధ్యాపకుడు సంతకం ఆపడు, బయటి పరీక్షకుడు భోజనం చేసి ముప్పై వేసి పోతాడు, తల్లిదండ్రులు ర్యాంకు తప్ప మరొకటి అడగరు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం వెలువడిందని ఏటా విజ్ఞాన దినోత్సవం జరుపుతాము. ఆ రామన్ వద్ద పరిశోధన చేసిన సూరి భగవంతం హైదరాబాదు నిజాం కళాశాల విద్యార్థి, తరువాత ఉస్మానియా ఉపాధ్యక్షులు. అదే ఫిబ్రవరిలో మన పిల్లల చేత దొంగ పట్టికలు రాయిస్తాము.

కోరేది పెద్దదేమీ కాదు. ప్రయోగ పరీక్షలో రికార్డుకు మార్కులు తగ్గించి, పిల్లవాడి చేతికి ఒక తీగముక్క ఇచ్చి, దాని మందం కొలిచి, తన కొలతలో దోషం ఎంత ఉండవచ్చునో చెప్పమనండి. పొరుగు కళాశాల పరీక్షకుడి ఎదుట సంపాదించిన ఆ మార్కులకు ప్రవేశాలలో చోటు ఇవ్వండి. నలభై రికార్డులలో ఒకే అంకె కనిపిస్తే ఆ పుస్తకాలకు సున్నా వేయండి. 969 వచ్చిందని నిజం రాసి, ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన పిల్లకు పూర్తి మార్కులు వేయండి.